ఎర్రగడ్డ యను మాట

ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఆనుకొనియున్న తార్నాకకు ఆ పేరెట్లు వచ్చినదని యడిగిన, పూర్వమచ్చట ముళ్లతీగయు దానియొద్ద కాపలా నాకాయు నుండెడివని పెద్దలు చెప్పుదురు. తీగ పోయినది, పేరు నిలిచినది. దానివలన నెవ్వరికిని నొప్పి లేదు. నగరమున పడమటనున్న మఱియొక పేట సంగతి యట్లు కాదు. “నిన్ను ఎర్రగడ్డకు పంపవలె” నను పరిహాసము కళాశాల మెట్లపైనను, సినిమాలలోను, మన యిండ్లలోను నేటికిని వినబడుచున్నది.

నిజాము రాజ్యమున మానసిక రోగుల యాసుపత్రి జాల్నాలో నుండెడిది. 1953లో అది ఎర్రగడ్డకు వచ్చెను. చికిత్సాలయము పేరు తిట్టుగా నేల మారినది? ప్రజల యజ్ఞానమే కారణమనుట సులభము. మాకు చట్టముకూడ కారణముగా దోచుచున్నది. బ్రిటిషు పాలకులు 1912లో చేసిన చట్టము రోగిని చేర్చుటకు న్యాయాధికారి యుత్తరువును ప్రధానమార్గముగా జేసెను. దిక్కులేక తిరుగువారిని పట్టుకొను నధికారమును పోలీసుల కిచ్చెను. 1987 నాటి చట్టము 1993లో అమలగువఱకు ఇదియే సాగినది. జ్వరపీడితుడు వైద్యునియొద్దకు బోవుచుండగా, మనోవ్యాధిగ్రస్తుడు నేరస్థునివలె కచేరి మెట్లెక్కెను. చూచినవారు నేరమనియే తలచిరి.

వెలికి నీడ్చెదరను భయమున ఇంటివారు దాచసాగిరి. 2001 ఆగస్టు 6న తమిళనాట ఏర్వాడిలో, గొలుసులతో బంధింపబడిన 28 మంది మంటలలో మరణించిరి. 2017 చట్టము గొలుసులను నిషేధించినది. కుటుంబము స్వీకరింపలేదను కారణముననే యెవ్వరిని ఆసుపత్రిలో నుంచరాదనియు శాసించినది. కాని ఇంటి తలుపు శాసనముతో తెఱచుకొనునా?

ఇచ్చట సాంఘిక కార్యకర్త యవసరము. వైద్యుడు రోగిని జూచును. ఈమె వంటయింటి గడపపై గూర్చుండి తల్లి భయమును వినును. మందెప్పుడీయవలెనో, వ్యాధి తిరుగబెట్టు సూచనలేవో చెప్పును. పాత యజమానితో మాటలాడి కొలువు నిలుపజూచును. ఉపన్యాసములకంటె, కోలుకొన్నవారితోడి పరిచయమే జనుల వెఱపును తగ్గించునని పరిశోధకులు కనుగొనిరి. ఉపాధ్యాయులమైన మాకిది యంత రుచించు మాట కాదు!

అయినను కోలుకొన్నవారిని సభ కీడ్చుట తగదు. తన రోగమును ఎవరికి, ఎప్పుడు చెప్పవలెనో నిర్ణయించుకొను హక్కు అనుభవించినవారిది. గోప్యతను 2017 చట్టమును కాపాడుచున్నది. కావున తార్నాక సందులలో తలుపు తట్టునపుడు, ఆమె సంచిపై ఆసుపత్రి పేరుండరాదని మా యభిప్రాయము. ఎదురింటివారు దానిని చదువక మానరు.