జలశుద్ధి కేంద్రపు ఆపరేటరు

నది నీటిని గాని చెరువు నీటిని గాని పానయోగ్యముగా మార్చు కేంద్రమునందును, ఇండ్లనుండి వెలువడిన మురుగునీటి దోషమును హరించి నదిలోనికి విడుచు కేంద్రమునందును, అహోరాత్రములు వంతులవారీగా నుండి పనిని నడపు ఉద్యోగిని ఆపరేటరందురు. 1908 సెప్టెంబరునాటి మూసీ వరద పిదప నిర్మితములైన ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు చిరకాలము హైదరాబాదు దాహమును తీర్చినవి. పిమ్మట నగరము పెరిగి కృష్ణాజలము నాశ్రయింపగా, ఆ నీరు కోదండాపురమున శుద్ధినొంది వచ్చుచున్నది. వాడిన నీటిలో కొంత మూసీ తీరమున అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రమునకు పోవును. ఈ రెండు కొసలయందలి యంత్రములు వేరైనను, వచ్చిన నీటి స్థితిని ఏ పూటకాపూట గ్రహించి తదనుగుణముగా పనిని సవరించుటయే ఉభయత్ర ఆపరేటరు విద్య.

మంచినీటి కేంద్రమున ఈ విద్యకు గీటురాయి జార్ టెస్టు. వానకాలమున ఎర్రనీరు దిగినపుడు నిన్నటి పటిక మోతాదు నేడు చాలదు. అపుడు వరుసగా నిలిపిన గాజుపాత్రలలో లీటరు చొప్పున ఆ నీటినే పోసి, పటికను ఒకదానికంటె ఒకదానిలో హెచ్చుగా కలిపి, తొలుత నిమిషముపాటు వడిగాను, పిదప పావుగంటకు పైగా మెల్లగాను త్రిప్పి, నిలువనీయవలెను. ఒక పాత్రలో మడ్డి ధూళివలె తేలుచునే యుండును. వేరొకదానిలో దూదిపింజలవలె గుమిగూడి అడుగునకు దిగి, పైనీరు తేటపడును. తేటపడిన పాత్రలలో కనిష్ఠపు మోతాదును గైకొనుట పద్ధతి. పటిక మితిమీరినచో నీటి క్షారగుణము తరిగి పీహెచ్ పడిపోవును. మీటరు అంకెను చూపగలదేమో గాని, పింజ కట్టిన తీరును గుర్తించునది అనుభవముగల కన్నే.

ఆ మోతాదున పటిక కలిపి మడ్డిని దిగనిచ్చిన పిదప నీరు ఫిల్టర్ బెడ్లలోని ఇసుకగుండ దిగును. ఇసుక పూడుకొన్నపుడు అడుగునుండి గాలిని, నీటిని ఎదురుపంపి బ్యాక్‌వాష్ చేయుదురు. కడపట క్లోరిను కలుపుదురు. కుళాయి చెంత లీటరునకు 0.2 మిల్లీగ్రాములైన మిగిలియుండవలెనని భారతీయ ప్రమాణము. క్లోరిను వాయువు గాలికంటె సుమారు రెండున్నర రెట్లు బరువైనది కావున కారినచో పల్లమునకు చేరును. లీకు కలదను అనుమానము కలిగినచో అమ్మోనియాలో తడిపిన గుడ్డను కీలుచెంత నుంతురు. తెల్లని పొగ లేచిన తావే లీకు.

మురుగుశుద్ధిలో పని సూక్ష్మజీవులది. 1914లో మాంచెస్టరునందు ఆర్డర్న్, లాకెట్ అనువారు ప్రకటించిన ఉత్తేజిత పంక విధానమున ఆ జీవులకు ఎడతెగక గాలి నందింపవలెను. కరెంటు పోయి బ్లోయర్లు చాలసేపు నిలిచినచో ప్రాణవాయువు లేక అవి క్షీణించును; మరల కోలుకొనుటకు దినములు పట్టవచ్చును. అందుచే ఆపరేటరు గాలి నందించు తొట్టిలోని నీటిని లీటరు కొలపాత్రలో పట్టి, అరగంటలో మడ్డి యెంత దిగినదో ప్రతిదినము లాగ్‌బుక్కున వ్రాయును.

ఈ వృత్తియందు ప్రాణాపాయము మురుగు బావులలో నున్నది. అందలి హైడ్రోజన్ సల్ఫైడు హెచ్చినపుడు ఘ్రాణశక్తినే హరించును గనుక, వాసన లేకుండుట వాయువు లేమికి గుర్తు కాదు. పడిపోయిన తోటివానిని రక్షింప వెనువెంటనే దిగినవారును అచటనే మృతినొందిన ఉదంతము లనేకములు. రక్షణసాధనములు లేక మురుగు కాలువలలోనికి మనుష్యులను దింపుట 2013 నాటి చట్టముచే నిషిద్ధము. కేంద్రముల నడపు అధికారులు, గుత్తేదారులు వాయుపరీక్ష, శ్వాసపరికరము, పైన కావలి మనిషి, ఈ మూడును లేనిదే ఎవరినైనను బావిలోనికి దిగనీయకుందురు గాక.