వాడిన వంటనూనె నుండి బయోడీజిల్

వేపుళ్ళకు పలుమార్లు కాగి, తిరిగి వంటకు పనికిరాని నూనెను మిథనాల్‌తో రసాయన చర్య జరిపించి తయారుచేసే డీజిల్ ఇంజను ఇంధనం ఇది. రసాయనికంగా ఇది కొవ్వు ఆమ్లాల మిథైల్ ఎస్టర్ల మిశ్రమం. లారీలు, ట్రాక్టర్లు, వరికోత యంత్రాలు, పొలాల్లోని ఆయిల్ ఇంజన్లు దీనిని కలిపిన డీజిల్‌తో నడుస్తాయి. వాడిన నూనెను కేవలం వడకట్టి ట్యాంకులో పోయడం బయోడీజిల్ వాడకం కాదు. ఈ భేదాన్ని ఇక్కడ గట్టిగా చెప్పవలసి ఉంది.

నూనెను మార్చవలసిన అవసరం

1900 నాటి పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపారు. కనుక నూనెతో ఇంజను నడవకపోదు. ఎంతకాలం నడుస్తుందన్నదే ప్రశ్న. వంటనూనె స్నిగ్ధత డీజిల్ స్నిగ్ధతకు సుమారు పది రెట్లు. అంత చిక్కని ద్రవం ఇంజెక్టరు నుండి సన్నని తుంపరగా వెలువడదు. సరిగా మండక మసి, జిగురు పేరుకుంటాయి. నూనె అణువులో మూడు కొవ్వు ఆమ్లాలు ఒక గ్లిజరిన్‌తో బంధితమై ఉంటాయి. గ్లిజరిన్‌ను తప్పించి మిథనాల్‌ను చేర్చితే మూడు చిన్న ఎస్టరు అణువులు ఏర్పడి ద్రవం పలుచబడుతుంది. ఈ చర్యను ట్రాన్స్‌ఎస్టరిఫికేషన్ అంటారు. పామాయిల్‌తో ఇటువంటి ఇంధనం తయారీకి బెల్జియంలో 1937లోనే పేటెంటు లభించింది.

తయారీ విధానం

మొదట నూనెను వడకట్టి పిండి, మడ్డి తొలగించి, నెమ్మదిగా కాచి తేమను పోగొట్టాలి. తరువాత ఆమ్లతను కొలవాలి. నూనె కాగినకొద్దీ దానిలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. ఇవి ఉత్ప్రేరకమైన కాస్టిక్ సోడాతో కలిసి సబ్బుగా మారతాయి. ఒక మిల్లీలీటరు నూనెను 10 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కలిపి, లీటరు నీటికి ఒక గ్రాము కాస్టిక్ సోడా గల ద్రావణాన్ని చుక్కచుక్కగా చేర్చాలి. ఫినాఫ్తలీన్ గులాబీ రంగుకు తిరిగేసరికి ఎన్ని మి.లీ. పట్టిందో, లీటరు నూనెకు అన్ని గ్రాముల సోడా అదనంగా కావాలి. తాజా నూనెకు పట్టేది సుమారు 3.5 గ్రాములు. ఉన్నత పాఠశాల ప్రయోగశాలలోని బ్యూరెట్టు ఈ పరీక్షకు చాలు. సూచికగా పసుపు కూడా పనికివస్తుంది. ఆమ్లత మరీ ఎక్కువైతే ముందుగా సల్ఫ్యూరిక్ ఆమ్లంతో శుద్ధి చేయవలసి ఉంటుంది.

సోడాను మిథనాల్‌లో కరిగించి, 60 డిగ్రీల సెల్సియస్ దాటకుండా వేడిచేసిన నూనెలో కలుపుతారు. సమీకరణం ప్రకారం లీటరు నూనెకు 125 మి.లీ. మిథనాల్ చాలినా, చర్య పూర్తి కావడానికి సుమారు 200 మి.లీ. వాడతారు. గంటసేపు కలిపి రాత్రంతా నిలవుంచితే గ్లిజరిన్ అడుగుకు దిగుతుంది. పైన తేలిన బయోడీజిల్‌ను నీటితో కడిగి, తేమ ఆర్పాలి.

మిథనాల్ తీవ్రమైన విషం. కొద్దిగా లోనికి పోయినా చూపు పోవచ్చు. దాని మంట పగటి వెలుగులో దాదాపు కనబడదు. 64.7 డిగ్రీల వద్దనే మరుగుతుంది గనుక మూసిన పాత్ర, గాలి ఆడే చోటు, చేతితొడుగులు, కంటి అద్దాలు తప్పనిసరి. వంటగదిలో చేసే పని కాదు.

ఇంజనులో వాడకం

లీటరుకు లభించే శక్తి డీజిల్ కంటే సుమారు 8 శాతం తక్కువ. ట్యాంకులోని పాత మడ్డిని ఇది కరిగిస్తుంది కాబట్టి మొదట్లో ఫిల్టరు త్వరగా పూడుకుపోతుంది. పాత వాహనాల రబ్బరు గొట్టాలు ఉబ్బి కారవచ్చు. హోటళ్ళలో విరివిగా వాడే పామాయిల్ నుండి వచ్చిన బయోడీజిల్ చలికి త్వరగా గడ్డకడుతుంది. శీతాకాలంలో డీజిల్ పాలు పెంచుకోవడం మేలు.

భారతదేశంలో

ధ్రువ సమ్మేళనాలు 25 శాతం మించిన నూనెను వంటకు వాడరాదన్న నియమం 2018 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ వాడిన నూనెను బయోడీజిల్‌కు మళ్ళించే 'రూకో' కార్యక్రమాన్ని ప్రారంభించింది. రోజుకు 50 లీటర్లకు మించి వేపుళ్ళకు నూనె వాడే సంస్థలు లెక్కలు ఉంచాలని 2019లో ఆదేశించింది. అయితే పెద్ద వంటశాలలు వదిలిన నూనె చౌకగా చిరుతిండి బండ్లకు చేరి మళ్ళీ బాణలిలో పడటమే అసలు చిక్కు. ఇంధన కర్మాగారం ఆ బండివాని కంటే మంచి ధర ఇవ్వగలగాలి. 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యం పెట్టుకొంది. ఇంధనానికి ఉండవలసిన ప్రమాణాలను ఐ.ఎస్. 15607 నిర్దేశిస్తుంది.