జీపు – మోకు – వించి



తాలూకా ఆఫీసు మొదలు సమితి ఆఫీసు వరకు, ఇంజనీర్ల సబ్‌డివిజను మొదలు ఫారెస్టు రేంజి వరకు పనిచేసిన మనలో జీపు లాగ్ బుక్ ముట్టుకోనివారు అరుదు. ఈమధ్య మన మనుమలు కొత్త జీపులు కొని, ముందు బంపరు వెనుక బయటకు కనబడకుండా ‘వించి’ బిగించుకుంటున్నారు. వేలకు వేలు ఖర్చు పెడుతున్న ఈ వస్తువు ఏమిటి, ఎక్కడి నుండి వచ్చింది, దాని మంచిచెడ్డలేమిటి అని ఇళ్లలో పెద్దలు అడుగుతున్నారు. నాకు తెలిసినంతలో వివరించే ప్రయత్నం చేస్తాను.

వించి అంటే మోకును చుట్టుకుంటూ బరువును లాగే డ్రమ్ము. ఇందులోని సూత్రం మనకు కొత్త కాదు. బావి గిలక మీద చేద, ఎద్దులు లాగే మోట, అన్నిటిలోనూ ఉన్నది తాడు, చక్రమే. గోదావరి, కృష్ణా కాలువల మీద గాలి లేనప్పుడు పడవ సరంగులు మోకు భుజాన వేసుకొని గట్టు వెంట నడుస్తూ పడవను లాగేవారు. ఓడలలో ఒక నిలువు స్తంభానికి అడ్డకర్రలు దూర్చి, పదిమంది చుట్టూ తిరుగుతూ లంగరు పైకి లాగేవారు. దానిని క్యాప్‌స్టన్ అంటారు. 1834లో జర్మనీలోని క్లౌస్‌థాల్ గనులలో విల్‌హెల్మ్ ఆల్బర్ట్ అనే అధికారి ఇనుప తీగలను పేని తాడు చేసిన తరువాత, నార మోకు మోయలేని బరువులను కూడా లాగడం సాధ్యమైంది.

జీపు చరిత్ర 1940లో మొదలైంది. అమెరికా సైన్యం తేలికపాటి, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి కావాలని టెండర్లు పిలిచింది. బాంటమ్ అనే చిన్న కంపెనీ కోసం కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరు నమూనా గీశారు. ఆ బండి 1940 సెప్టెంబరు 23న మేరీలాండులోని హోలాబర్డ్ సైనిక శిబిరానికి చేరింది. తరువాత పెద్ద ఆర్డర్లు మాత్రం విల్లీస్, ఫోర్డు కంపెనీలకు దక్కాయి. యుద్ధం ముగిసేసరికి ఆరు లక్షలకు పైగా జీపులు తయారయ్యాయి. సుమారు 1100 కిలోల బరువు, 60 గుర్రాల శక్తి గల బండి అది. బురదలో కూరుకుపోతే నలుగురు సిపాయిలు దిగి నెట్టగలిగేంత తేలిక కాబట్టి ఎక్కువ జీపులకు వించి ఉండేది కాదు. బరువైన సైనిక లారీలలో చాలావాటికి ముందు భాగాన వించి అమర్చేవారు.

యుద్ధానంతరం 1945లో విల్లీస్ వారు రైతుల కోసం జీపును విడుదల చేసినప్పుడు, ఇంజను బలాన్ని ఇతర పనులకు మళ్లించే ఏర్పాటును కూడా అమ్మకానికి పెట్టారు. ఇంగ్లండులో 1948లో వచ్చిన ల్యాండ్ రోవరుకు ఓడలలోని క్యాప్‌స్టన్‌నే చిన్నదిగా చేసి ముందు బంపరు మీద నిలిపారు. ఇంజను ముందు కొస నుండే అది తిరిగేది. దాని చుట్టూ తాడు రెండు మూడు చుట్లు వేసి కొస పట్టుకుంటే, ఇంజను నెమ్మదిగా తిరుగుతూ లాగేది. ఇందులో ఒక చిక్కు ఉంది. ఇంజను ఆగితే వించి ఆగుతుంది. వాగులో మునిగి ఇంజను ఆగిన బండికి అది పనికిరాదు.

మన దేశంలో 1945లో లూధియానాలో ప్రారంభమైన మహీంద్రా అండ్ మొహమ్మద్ సంస్థ 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. ఆ 1940ల చివరలోనే బొంబాయిలో విల్లీస్ జీపు విడిభాగాలు తెప్పించి బండ్లు బిగించడం మొదలుపెట్టింది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ఆరంభమైన తరువాత జీపు పల్లెల ముఖం చూసింది. మన రాష్ట్రంలో 1959లో పంచాయతీ సమితులు ఏర్పడినాక బి.డి.ఓ. గారి జీపు ఊరికి రావడమంటే పిల్లలకు పండుగ.

ఆ జీపులలో నేను చూసిన వాటికి వేటికీ వించి లేదు. మరి రేగడి నేలల్లో, కాలువ గట్ల మీద దిగబడితే లాగినది ఎవరు? ఊరి రైతులు, వారి ఎద్దులు, చెప్పులు చేతబట్టుకొని నడుముల దాకా బురదలో దిగిన ప్యూన్లు, డ్రైవర్లు. చక్రాల కింద కొబ్బరి మట్టలో, కంప చెట్ల కొమ్మలో వేసి, మోకు కట్టి, ‘ఐసా’ అంటూ లాగేవారు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తరువాత దారులన్నీ పడిపోయిన చెట్లతో, మేటలు వేసిన బురదతో మూసుకుపోయినప్పుడు, సహాయం అందవలసిన ఊళ్లకు దారి తెరిచినది గొడ్డళ్లు, మోకులు, మనుషుల భుజాలు.

ఏళ్ల తరబడి నేను లాగ్ బుక్కులు సరిచూశాను. బయలుదేరిన సమయం, చేరిన సమయం, మీటరు రీడింగు, పెట్రోలు, ప్రయాణ కారణం, అధికారి సంతకం, ఇన్ని గడులు ఉండేవి. బండిని లాగినవారి పేర్లకు గడి లేదు. కంటింజెన్సీ బిల్లులో ఎప్పుడైనా ‘కూలీలకు’ అని ఒక ముక్క కనిపించేది. చాలాసార్లు అదీ ఉండదు. వారు మజ్జిగ పోసి సాగనంపేవారే గాని చేయి చాచేవారు కారు.

ఇక నేటి వించి సంగతి. 1948లో అమెరికాలో ఆర్థర్ వార్న్ అనే ఆయన, యుద్ధం తరువాత మిగిలిన జీపులకు చక్రాల హబ్బులు తయారుచేస్తూ వ్యాపారం మొదలుపెట్టారు. ఆయన కంపెనీ 1959లో బ్యాటరీతో నడిచే వించిని మామూలు జనం బండ్లకు తెచ్చింది. ఇంజను ఆగినా బ్యాటరీలో బలం ఉన్నంతసేపు ఇది లాగుతుంది. పాత రకాలలో మోటారు డ్రమ్ము మీద నిలబడి ఉండేది. తరువాత మోటారు, డ్రమ్ము, గేర్లు ఒకే వరుసలో పడుకొని ఉండే పొట్టి రకం వచ్చింది. బంపరు వెనుక దాచడం వీలైంది ఈ ఆకారం వల్లనే.

దాచడం దేనికి? కొంత అందం కోసం. బరువు మరీ ముందుకు రాకుండా ఉండటానికి కూడా. మన దేశంలో మరొక కారణం ఉంది. బండ్ల ముందు బిగించే ఇనుప గార్డుల వలన పాదచారులకు, ప్రయాణికులకు కూడా ప్రమాదమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వాటిపై చర్య తీసుకోవలసిందిగా రాష్ట్రాలకు వ్రాసింది. అందుచేత బయటకు పొడుచుకురాని ఏర్పాటు కోసం కుర్రవాళ్లు వెదుకుతున్నారు. అయితే కనబడనంత మాత్రాన నిబంధన వర్తించదని అనుకోరాదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను మార్పులపై ఆంక్షలు పెట్టింది. బిగించక ముందే ఆర్.టి.ఏ. ఆఫీసును, ఇన్సూరెన్సు కంపెనీని వ్రాతమూలకంగా అడిగి, జవాబు ఫైలులో పెట్టుకోవడం మంచిది. నోటిమాట రికార్డు కాదని మనకు వేరే చెప్పనక్కరలేదు.

బిగించే విధానం ఇది. ముందు బంపరు ఊడదీసి, ఛాసిస్ రెండు దూలాలకు మందపాటి ఇనుప పలకను గట్టి బోల్టులతో బిగిస్తారు. లాగే బలమంతా ఛాసిస్ మోయాలి. బంపరు రేకుకు గాని ప్లాస్టిక్కుకు గాని తగిలిస్తే మొదటి లాగుకే ఊడివస్తుంది. పలక మీద వించిని కూర్చోబెట్టి, తాడు బయటకు రావడానికి బంపరులో సన్నని గడి కోసి, తాడు ఒరుసుకోకుండా నున్నని అంచు అమరుస్తారు. రేడియేటరుకు గాలి ఆగకూడదు. డ్రమ్మును వదులు చేసే మీటకు చెయ్యి అందాలి. నంబరు ప్లేటు ఎప్పటిలా కనబడాలి. 2019 ఏప్రిల్ నుండి కొత్త బండ్లకు వచ్చే హై సెక్యూరిటీ ప్లేటును ఇష్టం వచ్చినట్లు ఊడదీసి మార్చరాదు. ఎయిర్ బ్యాగులున్న బండ్లలో ముందు భాగం మార్పు వలన ఢీకొన్నప్పుడు అవి విచ్చుకునే తీరు దెబ్బతినవచ్చు కనుక కంపెనీ వారిని అడగకుండా కోయించరాదు.

బలం లెక్క చూడండి. నిండు బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు లాగగల వించి కావాలంటారు. బండి 2300 కిలోలైతే 3450 కిలోలు. కంపెనీ చెప్పే బలం డ్రమ్ము మీద మొదటి వరుస తాడుకే వర్తిస్తుంది. తాడు వరుస మీద వరుస చుట్టుకునే కొద్దీ బలం తగ్గుతుంది. పూర్తి బరువు లాగేటప్పుడు సుమారు 400 ఆంపియర్ల కరెంటు తాగుతుంది. 12 వోల్టుల లెక్కన 4800 వాట్లు, అంటే అయిదు ఇస్త్రీ పెట్టెలు ఒక్కసారి నడిపినంత. అందుకే బ్యాటరీ, తీగలు గట్టివి ఉండాలి, మధ్యమధ్య మోటారును చల్లారనివ్వాలి.

అన్నిటికన్నా ముఖ్యం ప్రాణం. బిగువుగా ఉన్న ఉక్కు తాడు తెగితే కొరడాలా వెనక్కు వచ్చి మనిషిని చంపగలదు. తాడు మీదుగా దాటరాదు, దగ్గర నిలబడరాదు. తాడు నడుమ బరువైన గోనె గాని దుప్పటి గాని వేయాలి. చేతులకు తోలు తొడుగులుండాలి. డ్రమ్ము మీద కనీసం అయిదు చుట్లు మిగలాలి. చెట్టుకు కట్టేటప్పుడు వెడల్పాటి పట్టీ వాడాలి. లేకపోతే చెట్టు బెరడు కోసుకుపోతుంది. ఈమధ్య వస్తున్న సింథటిక్ తాడు తేలిక, తెగినా అంత వేగంగా విసరదు. కాని ఎండకు, ఇసుకకు, రాపిడికి త్వరగా పాడవుతుంది. దాచిన వించిలో తాడు చిట్లినా, తుప్పు పట్టినా పైకి కనబడదు. నెలకొకసారి తాడు మొత్తం బయటకు లాగి చూడవలసినదని మీ పిల్లలకు చెప్పండి.

నాడు నలుగురు కలిసి లాగితే బండి కదిలేది. నేడు ఒక్కడే మీట నొక్కితే చాలు. సౌకర్యమే, కాదనను. అయినా నిర్జన ప్రదేశానికి ఒంటరిగా వెళ్లవద్దని, ఒడ్డున నిలబడి కేక వేసే మనిషి ఒకడు తోడుండాలని పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మనదే.

చివరగా ఒక మనవి. మన సంఘంలో డ్రైవర్లుగా, క్లీనర్లుగా, ప్యూన్లుగా రిటైరైన సభ్యులు ఎందరో ఉన్నారు. ఏ ఏడాది, ఏ ఊరి దగ్గర, ఎవరు వచ్చి జీపును లాగారో గుర్తున్నంత మేరకు పేర్లతో సహా వ్రాసి సంఘానికి పంపగోరుతాను. వ్రాయలేనివారు చెబితే నేను వ్రాసిపెడతాను. లాగ్ బుక్కులో లేని ఆ గడిని మన సంచికలోనైనా పూరిద్దాం.