ఆటగాడి చేతిలో అరవై ఏళ్లు

కంప్యూటర్ ఆట నడక నేర్చిన రోజుల్లోనే ఆటగాళ్ల మోచేతులు నొప్పెట్టాయి. 1962లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్టీవ్ రస్సెల్, అతని మిత్రులు పీడీపీ-1 యంత్రం మీద ‘స్పేస్‌వార్’ తయారుచేశారు. రెండు అంతరిక్ష నౌకలు ఒకదాన్నొకటి వేటాడుకునే ఆట అది. నౌకను తిప్పాలన్నా, క్షిపణి వదలాలన్నా యంత్రం ముందున్న చిన్న చిన్న స్విచ్చులను మీటుతూ కూర్చోవాలి. అవి ప్రోగ్రాములను సరిచూసుకోవడానికి పెట్టినవి, ఆట కోసం పెట్టినవి కావు. కాసేపటికే చేతులు పీకేవి. పైగా తెర ఒక పక్కకు ఉండటంతో ఇద్దరిలో ఒకరికి అది బాగా కనబడేది, రెండోవాడికి కనబడేది కాదు. అలాన్ కోటాక్, బాబ్ సాండర్స్ అనే ఇద్దరు తమ రైలు నమూనాల క్లబ్బులో ఉన్న సామాన్లతో రెండు విడి పెట్టెలు చేసి, తీగలతో యంత్రానికి తగిలించారు. ఆటగాడు తనకు వీలైన చోట కూర్చుని, పెట్టె ఒళ్లో పెట్టుకుని ఆడుకోగలిగాడు.

ఇవాళ కొత్త ల్యాప్‌టాప్‌లో ఒక షూటింగ్ ఆట తెరిచి, ట్రాక్‌ప్యాడ్ మీద వేలు రాస్తూ గురి కుదరక, మౌస్ కోసమో గేమ్‌ప్యాడ్ కోసమో చూసే కుర్రాడిది సరిగ్గా అదే అవస్థ. వేరే పని కోసం పుట్టిన సాధనంతో ఆడబోతే చేయి ఒప్పుకోదు. ఈ అరవై ఏళ్లను వెనక్కి తిరిగి చూస్తే నాకు తేటగా కనబడేది ఒకటే. మార్పు కావాలని ముందు అడిగింది చాలాసార్లు ఆటగాడి చేయి. తయారీదారులు దాని వెనక నడిచారు.

మౌస్ కూడా ఆట కోసం పుట్టలేదు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనకు బిల్ ఇంగ్లిష్ 1964లో చెక్కతో రూపమిచ్చాడు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ దాన్ని లోకానికి చూపించినప్పుడు, తెర మీది రాతను దిద్దుకోవడానికి పనికొచ్చే సాధనంగానే చూపించాడు. 1978లో జిరాక్స్ పరిశోధకులు స్టువర్ట్ కార్డ్, బిల్ ఇంగ్లిష్, బెట్టీ బర్ మౌస్‌ను జాయ్‌స్టిక్‌తోనూ, కీబోర్డ్ మీటలతోనూ పోల్చి పరీక్షించారు. మౌస్ అన్నిటికంటే ముందు నిలిచింది. అంతకంటే విలువైన సంగతి మరొకటి తేలింది. మౌస్‌తో గురిని చేరుకోవడానికి పట్టే సమయం, మనిషి చేయి ఏ సాధనమూ లేకుండా నేరుగా గురిని చేరడానికి పట్టే సమయానికి దగ్గరగా ఉంది. అంటే అక్కడ ఆలస్యం సాధనానిది కాదు, చేతిదే. ఆటల లోకం ఈ మాట విలువను గుర్తించడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

ఈలోగా ఆటలు కీబోర్డ్ మీద, జాయ్‌స్టిక్ మీద నడిచాయి. 1981లో వచ్చిన ఐబీఎం పీసీకి జాయ్‌స్టిక్ తగిలించుకునే కార్డును విడిగా అమ్మారు. జపాన్‌లో నింటెండో ఇంజినీరు గున్‌పే యొకొయ్ 1982లో, చేతిలో ఇమిడే ‘డాంకీ కాంగ్’ ఆటకు బొటనవేలితో నొక్కే కూడిక గుర్తులాంటి బటన్ పెట్టాడు. ఇప్పటికీ దాదాపు ప్రతి గేమ్‌ప్యాడ్ ఎడమ భాగాన అదే ఉంది. 1989లో జోర్డన్ మెక్నర్ చేసిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’, జాన్ రొమెరో చేసిన ‘డేంజరస్ డేవ్’ మన ఊళ్లలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్లకు వెళ్లిన ఒక తరానికి తొలి ఆటలు. రెంటికీ బాణం మీటలు, వాటికి తోడు ఒకటి రెండు మీటలు ఉంటే సరిపోయేది. లోకాన్ని పక్క నుంచే చూస్తాం, చూపు ఎటూ తిప్పే పని లేదు.

చూపు తిప్పాల్సి రావడంతోనే అసలు మలుపు వచ్చింది. 1993 డిసెంబరులో విడుదలైన ‘డూమ్’లో ఆటగాడు తుపాకీ వెనక నిలబడి లోకాన్ని చూస్తాడు. అయినా పైకీ కిందికీ గురిపెట్టే అవసరం లేదు, ఆట తనే సర్దుకునేది. మౌస్‌ను ముందుకు తోస్తే మనిషి ముందుకు నడిచేవాడు. అందుకే చాలామంది కీబోర్డ్‌తోనే గడిపేశారు. 1996లో ‘క్వేక్’ వచ్చాక లోకం నిజంగా మూడు దిక్కుల్లోకి విచ్చుకుంది. శత్రువు మెట్ల మీద ఉండొచ్చు, నీళ్ల అడుగున ఉండొచ్చు. చూపును మౌస్‌కూ, నడకను కీబోర్డ్‌కూ పంచినవాడు గెలవడం మొదలుపెట్టాడు.

ఆ పంపకానికి ప్రచారం తెచ్చినవాడు డెనిస్ ఫాంగ్. ఆటల్లో అతని పేరు థ్రెష్. మొదట్లో అతనూ కీబోర్డ్‌తోనే ఆడేవాడు. మౌస్‌కు మారి, ఎడమ చేతి వేళ్లను డబ్ల్యూ, ఏ, ఎస్, డీ మీటల మీద నిలిపాక అతన్ని ఓడించడం గగనమైంది. 1997లో ‘రెడ్ అనైలేషన్’ అనే క్వేక్ పోటీలో గెలిచి, ఆ ఆట సృష్టికర్తల్లో ఒకడైన జాన్ కార్మాక్ సొంత ఫెరారీ కారును బహుమతిగా తీసుకెళ్లాడు. ఆ మీటలు అతనొక్కడే కనిపెట్టినవి కావు, అప్పటికే అక్కడక్కడా వాడుతున్నవారున్నారు. కానీ గెలిచినవాడి చేతివైపు అందరి కళ్లూ తిరుగుతాయి. 1998లో ‘హాఫ్-లైఫ్’ ఆ నాలుగు మీటలనే ముందుగా అమర్చి వచ్చింది. ఆ తర్వాత చాలా పీసీ ఆటలకు అదే ఆనవాయితీ. ఏ కంపెనీ ప్రయోగశాలలోనూ నిర్ణయం కాని ఒక అలవాటు ఇలా ఆటగాళ్ల మధ్యే స్థిరపడటం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

సరిగ్గా అదే కాలంలో ల్యాప్‌టాప్ ఇంకో దారి పట్టింది. దాన్ని తయారుచేసేవారి ముందున్న చిక్కు వేరు. బల్ల లేని చోట, రైల్లో, విమానంలో, ఒళ్లో పెట్టుకుని పనిచేసేవాడికి కర్సర్ కదిపే దారి కావాలి. 1991లో ఆపిల్ పవర్‌బుక్ కీబోర్డును వెనక్కి జరిపి, ముందు అరచేతులకు చోటిచ్చి, మధ్యలో ఒక బంతిని అమర్చింది. 1992లో ఐబీఎం థింక్‌ప్యాడ్ మీటల నడుమ ఎర్రటి చిన్న బొడిపె పెట్టింది. కీబోర్డు మీది చేయి మౌస్ దాకా వెళ్లి రావడానికి పోయే క్షణాలను మిగల్చాలని టెడ్ సెల్కర్ పట్టుబట్టి సాధించింది అది. ఇక జార్జ్ గెర్ఫైడ్ రూపొందించిన, వేలి స్పర్శకు విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పును పసిగట్టే పలక, అంటే ఇప్పటి ట్రాక్‌ప్యాడ్, 1994లో పవర్‌బుక్ 500 వరుసలో చోటు చేసుకుంది. బంతిలా దుమ్ము పట్టదు, అరిగే భాగం లేదు, పలచగా ఉంటుంది. కొన్నేళ్లలోనే దాదాపు ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ అదే. ఉత్తరం రాసుకునేవాడికీ, లెక్కలు చూసుకునేవాడికీ అదొక వరం, అందులో నాకు సందేహం లేదు.

ఆటకు వచ్చేసరికి అది ఎందుకు తడబడుతుందో కాస్త నిదానంగా చూడాలి. మౌస్‌తో వెనక్కి తిరగాలంటే మణికట్టో మోచేయో ఒక్క ఊపు ఊపితే చాలు. పలక మీద వేలు అంచుకు చేరుతుంది, ఎత్తి మళ్లీ మొదట పెట్టాలి. ఆ ఎత్తిన క్షణంలో ఎదుటివాడు కాల్చేస్తాడు. మౌస్ మీద చేయి కదుపుతుంది, వేళ్లు నొక్కుతాయి. రెండు పనులకు రెండు వేర్వేరు కండరాలు. పలక మీద కదపడమూ నొక్కడమూ వేళ్లదే. ఒకే ముక్కగా నొక్కుకునే ఇప్పటి పలకలు వేలు ఏ భాగాన ఉందో చూసి కుడి ఎడమలు తేల్చుకుంటాయి. అందువల్ల కుడి బటన్ అదిమి గురి పెట్టి, దాన్ని వదలకుండానే ఎడమ బటన్‌తో కాల్చడం చాలావాటిలో కుదరదు. ఇంకొకటుంది, చాలామందికి తట్టనిది. టైపు చేసేటప్పుడు అరచేయి తగిలి కర్సర్ గెంతకూడదని, మీట నొక్కుతున్నంతసేపూ పలకను మూగబోయేలా చేసే ఏర్పాటు ఉంటుంది. ఆటలో నడవడానికి డబ్ల్యూ మీట అదిమి పట్టుకున్నవాడిని కంప్యూటర్ టైపు చేస్తున్నాడనుకుంటుంది. నడుస్తుంటే చూపు తిరగదు, ఆగితేనే తిరుగుతుంది. యంత్రం పాడైందని కంగారుపడేవాళ్లు చాలామంది. విండోస్ సెట్టింగ్స్‌లో టచ్‌ప్యాడ్ స్పందనను గరిష్ఠానికి మార్చితే ఆ పీడ చాలావరకు వదులుతుంది. మౌస్ కొనేలోగా ఆ పాటి చేసుకోవచ్చు.

తెలుగునాట ఈ కథ తలకిందులుగా నడిచింది. అమీర్‌పేటలోనూ, జిల్లా కేంద్రాల్లోనూ ఇంటర్నెట్ సెంటర్లు వెలిసిన రోజుల్లో గంటకింతని కట్టి ‘కౌంటర్-స్ట్రైక్’, ‘వైస్ సిటీ’ ఆడిన పిల్లలు మౌస్‌తోనే చేయి తిప్పుకున్నారు. సెంటర్‌లో ఉన్నది డెస్క్‌టాప్ కాబట్టి వేరే దారే లేదు. ఆ తర్వాతి తరానికి మొదటి కంప్యూటరే ల్యాప్‌టాప్. 2008లో మొదలైన నూజివీడు, ఇడుపులపాయ, బాసర ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి దాటిన పల్లె పిల్లల చేతికి చదువు కోసం ల్యాప్‌టాప్‌లే వచ్చాయి. ఇంజినీరింగ్ కాలేజీలో చేరిన బిడ్డకు తల్లిదండ్రులు అప్పో సప్పో చేసి కొనిచ్చేదీ అదే. ఆట కోసమని ఎవరూ కొనివ్వరు. హాస్టల్ గదిలో నలుగురూ ల్యాప్‌టాప్‌లను వైరుతో కలుపుకుని ఆడబోయేసరికి, మౌస్ ఉన్నవాడికీ లేనివాడికీ తేడా మొదటి రౌండులోనే తేలిపోతుంది. కొన్ని వందల రూపాయలు పెట్టి కొన్న మామూలు వైరు మౌస్, కింద ఒక గట్టి అట్ట నోట్‌బుక్. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు చేయలేని మేలు అది చేస్తుంది. ఆటల కోసం ఎంతో పోయాలని దిగులుపడే కుర్రాళ్లకు ఈ సంగతి గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

అయితే మౌస్ ఒక్కటే గమ్యం అనుకోవడం కూడా పొరపాటే. 1997లో సోనీ డ్యుయల్‌షాక్ రెండు బొటనవేళ్లకూ రెండు పుల్లలు (స్టిక్‌లు) ఇచ్చింది. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 గేమ్‌ప్యాడ్‌ను మైక్రోసాఫ్ట్ విండోస్‌తోనూ పనిచేసేలా చేసింది. అంతకుముందు ఒక్కో ఆటకు ఒక్కో జాయ్‌స్టిక్‌ను సరిచూసుకుంటూ తంటాలు పడిన పీసీ ఆటగాడికి, తగిలించిన వెంటనే పనిచేసే గేమ్‌ప్యాడ్ దొరికింది. మౌస్ ఎంత దూరం కదిలితే చూపు అంతే కదులుతుంది. పుల్ల ఎంత వంచితే చూపు అంత వేగంగా తిరుగుతూనే ఉంటుంది. మొదటిది గురికి మేలు. రెండోది కారు తోలడానికి, ఫుట్‌బాల్ ఆడటానికి, గోడలెక్కి దూకే సాహసాలకు మేలు. యాక్సిలరేటర్‌ను సగమే తొక్కడం కీబోర్డ్ మీటకు చేతకాదు, నొక్కితే పూర్తిగా, వదిలితే సున్నా. గేమ్‌ప్యాడ్ వెనకున్న ట్రిగ్గర్ ఎంత నొక్కితే అంతే ఇస్తుంది. కన్సోళ్లలో షూటింగ్ ఆటలు ఆడేవారికి ఆటే లోలోపల గురిని కాస్త సర్దిపెట్టడం కూడా ఈ తేడా వల్లే.

వాల్వ్ కంపెనీ 2015లో విడుదల చేసిన స్టీమ్ కంట్రోలర్ ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. మౌస్ కోసమే రాసిన ఆటలను సోఫాలో కూర్చుని ఎలా ఆడాలన్న ప్రశ్నకు వాల్వ్ ఇంజినీర్లు వెతికిన జవాబు ట్రాక్‌ప్యాడ్! కాకపోతే దాన్ని ల్యాప్‌టాప్ మధ్య నుంచి పెకలించి, రెండు గుండ్రటి పలకలుగా చేసి, ఒక్కో బొటనవేలి కింద ఒకటి పెట్టారు. కాల్చే పనిని చూపుడువేళ్లకు అప్పగించారు. వేలు కదిలిన కొద్దీ చిన్న కంపనం తెలిసేలా చేశారు. కదపడం ఒక వేలికి, నొక్కడం మరో వేలికి. పలక మీద నేను చెప్పిన ఇబ్బందుల్లో పెద్దది అక్కడితో తీరిపోయింది. అది జనానికి అలవాటు కాలేదు, 2019లో అమ్మకం ఆగింది. కానీ 2022లో అదే సంస్థ తెచ్చిన స్టీమ్ డెక్‌లో పుల్లల పక్కనే రెండు పలకలు మళ్లీ చోటు సంపాదించాయి. యంత్రాన్ని వంచితే గురి కదిలే ఏర్పాటు కూడా అందులో ఉంది. లోపం పలకలో లేదని, దాన్ని పెట్టిన చోటులోనూ దానికి అప్పగించిన పనిలోనూ ఉందని నేను అనడానికి ఆధారం ఇదే.

అలాగని అన్ని ఆటలకూ వేరే సాధనం అక్కర్లేదు. వంతులవారీగా సాగే ‘సివిలైజేషన్’ లాంటి ఆటలకూ, చదరంగానికీ ల్యాప్‌టాప్ పలక ఈనాటికీ చాలు. అక్కడ తొందర లేదు.

అయితే మౌస్ పట్టుకోగల చేయి, గేమ్‌ప్యాడ్‌ను రెండు వైపులా పట్టగల వేళ్లు అందరికీ ఉండవు. మనకు ట్రాక్‌ప్యాడ్ ఎంత ఇరుకో, వాళ్లకు మనం మెచ్చుకునే సాధనాలన్నీ అంతే ఇరుకు. 2018లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌లో కనబడే పెద్ద బటన్లు రెండే. దాని వెనక భాగాన 19 చిన్న సాకెట్లున్నాయి. పాదంతో తొక్కే పెడల్, గడ్డంతో తాకే స్విచ్, మోచేతితో నొక్కే బటన్, ఎవరికి ఏది వీలైతే అది అందులో గుచ్చుకోవచ్చు. ఏ సాకెట్ ఆటలో ఏ పని చేయాలో ఆడేవారే నిర్ణయించుకుంటారు. విండోస్ కంప్యూటర్‌తోనూ అది పనిచేస్తుంది.