బడి పండుగ ఎవరిది? దసరా మామూలు నుంచి బహుమతి ప్రదానం దాకా

వేసవి సెలవులకు ముందు తెలుగునాట ప్రతి బడిలోనూ జరిగే వార్షికోత్సవానికి ఒక స్థిరమైన క్రమం ఉంది. ప్రార్థన, స్వాగతం, ప్రధానోపాధ్యాయుని నివేదిక, ముఖ్య అతిథి ఉపన్యాసం, బహుమతి ప్రదానం, వందన సమర్పణ, ఆ తరువాత ఆటపాటలు. ఇది ఇంగ్లీషు చదువుతోపాటు వచ్చిన ఆచారమని సాధారణంగా భావిస్తాం. ఆ భావన కొంతవరకు నిజమే. అయితే వీధిబడికీ ఏడాదికొకసారి తన పిల్లల విద్యను ఊరికి చూపే పండుగ ఒకటి ఉండేది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, మారింది వేడుక రూపం మాత్రమే కాదని తెలుస్తుంది. పంతులుకు జీతం ఎవరిచ్చారో వారి ఎదుటనే బడి తన పిల్లలను నిలబెట్టింది. జీతమిచ్చే చేయి మారినప్పుడల్లా పండుగ చోటు కూడా మారింది. ఈ విషయాన్ని లభ్యమైన ఆధారాలతో పరిశీలించడం ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టర్లందరి నుంచి బడుల వివరాలు కోరాడు. వాటిని క్రోడీకరించి 1826 మార్చి 10న రాసిన మినిట్‌లో రాజధాని మొత్తంలో 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్లు లెక్క చూపాడు. బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక వీటిలో అత్యంత వివరమైనది. కాంబెల్ పేరు తెలుగువారికి కొత్తది కాదు. 1816లో అచ్చయిన తెలుగు వ్యాకరణం ఆయన రచనే. బళ్ళారి జిల్లాలోని 533 బడుల్లో 226 తెలుగువని, 235 కన్నడవని ఆయన లెక్కించాడు. ధరంపాల్ 1983లో ‘ద బ్యూటిఫుల్ ట్రీ’ గ్రంథంలో ఈ నివేదికలను పునర్ముద్రించిన తరువాత ఇవి విస్తృతంగా చర్చకు వచ్చాయి. ఆ చర్చ ఎక్కువగా బడుల సంఖ్య చుట్టూ తిరిగింది. కాంబెల్ చెప్పిన చిన్న చిన్న ఆచారాలు మాత్రం పెద్దగా ఎవరి దృష్టికీ రాలేదు.

వాటిలో ఒకటి మన విషయానికి కీలకం. పొద్దున అందరికంటే ముందు బడికి చేరిన పిల్లవాని అరచేతిలో గౌరవ చిహ్నంగా సరస్వతి పేరు రాసేవారు. రెండవవాని చేతిలో సున్న చుట్టేవారు. వానికి మెప్పూ లేదు, మందలింపూ లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆ తరువాత వచ్చినవారికి ఒక్కొక్కటి చొప్పున పెంపు. బారెడు పొద్దెక్కి వచ్చినవాని గతి ఊహించుకోవలసిందే. ఇక్కడ మెప్పు పొందింది పాండిత్యం కాదు, వేకువనే లేవడం. పైగా ఆ మెప్పు ఆనాటికే పరిమితం. అరచేతి రాత చెరిగిపోతుంది. మరునాడు సరస్వతి మరొకని చేతిలో వెలుస్తుంది. ఏడాది పొడుగునా ఒకడే మొదటివాడుగా నిలిచే ఏర్పాటు ఆ బడిలో లేదు.

ఏడాది అనే కొలతే ఆ చదువుకు అంతగా లేదు. బడిలో సాధారణంగా నాలుగు తరగతులుండేవనీ, పిల్లవాడు తన శక్తిని బట్టి, పురోగతిని బట్టి ఒకదాని నుంచి మరొకదానికి వెళ్ళేవాడనీ కాంబెల్ రాశాడు. అందరూ ఒకే రోజున పై తరగతికి వెళ్ళే పద్ధతి లేనప్పుడు సంవత్సరాంతానికి ప్రత్యేకమైన అర్థమేదీ ఉండదు. అక్షరాభ్యాసం ఎవరి ముహూర్తాన వారిది, చదువు ముగింపు ఎవరి ఇంటి అవసరాన్ని బట్టి వారిది.

అలాంటి బడికి దసరా సంవత్సరోత్సవమయింది. నవరాత్రులలో పంతులు వెంట పిల్లలు బారులుగా ఇల్లిల్లూ తిరిగేవారు. చేతుల్లో రంగుకాగితాలు చుట్టిన విల్లంబులు, వాటినుంచి పూలు, బుక్కా చిమ్మడం, పెద్దపిల్లలు అందుకుంటే చిన్నవారు పలికే దసరా పద్యాలు. ఈ పద్యాల నిర్మాణాన్ని సాహిత్య విద్యార్థులు మరికొంత శ్రద్ధగా చూడవలసి ఉంది. వాటిలో దైవస్తుతి ఉంటుంది, ఇంటి యజమాని దాతృత్వాన్ని పొగడడం ఉంటుంది, కోరిక ఉంటుంది, చివరకు దీవెన ఉంటుంది. ఇది ఆస్థానకవి ప్రభువు ముందు చదివే క్రమమే. బాలుర నోట, ఇంటి అరుగు ముందు వినిపిస్తోంది. ఇవ్వడానికి సాకులు చెప్పే యజమానిని మెత్తగా దెప్పిపొడిచే చమత్కారం కూడా వీటిలో ఉంది. అడుగుతున్నది పిల్లలు గనుక ఆ దెప్పు చెల్లింది. అదే మాట పంతులు తానే అంటే చెల్లేది కాదు.

పిల్లవాడు తన ఇంటి ముందు నిలిచి, తన తలిదండ్రులు వింటుండగా, తప్పు లేకుండా పద్యం చెప్పడం ఆ బడికి పరీక్ష, నివేదిక, ప్రదర్శన కూడా. వీధిబడి చదువులో కంఠస్థానికున్న స్థానాన్ని తలచుకుంటే ఇందులో ఆశ్చర్యం లేదు. ఆ కంఠస్థాన్నే కాంబెల్ తప్పుపట్టాడు. వేల పద్యాలు అప్పగించగల బాలునికి వాటి అర్థం చిలుకకు తెలిసినంత కూడా తెలియదని, గ్రంథభాషకూ వాడుకభాషకూ ఉన్న దూరం ఇందుకు ఒక కారణమని ఆయన భావించాడు. ఆ విమర్శ న్యాయమైనదే. అయినా అరుగు మీద కూర్చున్న గృహస్థు అడిగినది అర్థం కాదు. పిల్లవాని గొంతు విప్పుకున్నదా, జంకు పోయిందా, ఉచ్చారణ కుదిరిందా అన్నదే. ఆ పరీక్షలో చాలామంది నెగ్గేవారు.

ఈ పండుగలో బహుమతి ఎవరిది? ప్రసిద్ధమైన దసరా పాట పంతులుకు ఐదు వరహాలను, పిల్లలకు పప్పుబెల్లాలను కోరుతుంది. ఈ పంపకం సరళంగా కనిపించినా ఇందులో ఒక లెక్క ఉంది. పప్పుబెల్లాలు పిల్లలందరికీ సమానం; బాగా పాడినవానికి ఒక పిడికెడు ఎక్కువ అన్నమాట లేదు. సొమ్ము మాత్రం గురువుకు. మద్రాసు రాజధానిలో 1818లో వరహా స్థానంలో రూపాయి ప్రామాణిక నాణెమయింది. అప్పటి మారకం వరహాకు మూడున్నర రూపాయలు. ఆ ప్రకారం ఐదు వరహాలంటే పదిహేడున్నర రూపాయలు. పంతుళ్ళు సామాన్యంగా నెలకు ఆరేడు రూపాయలకు మించి సంపాదించడం లేదని మన్రో రాశాడు. అంటే పాట అడిగిన మొత్తం రెండున్నర నెలల రాబడి. ఏ ఇంటివారూ అంత ఇచ్చి ఉండరు. వరహా అన్నమాట ఒక్కటే ఆ పాట కాలాన్ని నిర్ణయించజాలదు. చెలామణి పోయిన నాణేలు పాటల్లో చాలాకాలం బతుకుతాయి. అయితే నెలజీతం చాలని పంతులుకు ఏడాదికొక మారు ఊరు తీర్చవలసిన బాకీగా ఈ పండుగను భావించారనడానికి ఆ అతిశయోక్తే సాక్ష్యం. దానికి ‘మామూలు’ అని పేరు రావడం గమనించదగినది. మామూలు అంటే దానం కాదు, రివాజుగా రావలసినది.

ఈ ఊరేగింపును ఊరందరి పండుగగా కీర్తించడం కూడా పొరపాటు. కాంబెల్ లెక్కలో బళ్ళారి జిల్లా బడులలోని 6,641 మందిలో బాలికలు 60 మంది మాత్రమే. అంటరానివారన్న కులాల పిల్లలకు ఈ బారులో చోటు లేదు. పంతులు అడుగుపెట్టే వీధులే ఊరిలో కొన్ని. ఇల్లిల్లూ తిరిగారని మనం రాసే మాటను ఈ ఎరుకతోనే రాయాలి.

పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో జీతమిచ్చే చేయి మారింది. ప్రభుత్వం వీధిబడులను తన పర్యవేక్షణలోకి తెస్తూ, ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతిని మద్రాసు రాజధానిలో విస్తృతంగా అమలు చేసింది. ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కొక్క పిల్లవానిని చదువు, రాత, లెక్కలలో పరీక్షిస్తాడు. నెగ్గిన తలకు ఇంత చొప్పున పంతులుకు సొమ్ము. దసరా పాటలో పిల్లలందరి గొంతు కలిసి తెచ్చిన రాబడి ఇప్పుడు పిల్లవానికొక పద్దుగా విడిపోయింది. చదువు రాని పిల్లవాడు పంతులుకు నేరుగా నష్టం. పిల్లవాని ప్రతిభను విడిగా లెక్కించడం తెలుగు బడికి బహుమతి సభతో అలవాటు కాలేదు, ఈ గ్రాంటు లెక్కతో అలవాటయింది. 1904 నాటి భారత ప్రభుత్వ విద్యావిధాన తీర్మానం నాటికి ఈ పద్ధతిని విడిచిపెట్టారు. దానితో వచ్చిన చూపు మాత్రం మిగిలింది.

బహుమతి ప్రదానం అప్పటికే పట్టణాలలోని ఉన్నత పాఠశాలల్లో, కళాశాలల్లో పాతుకుంటున్నది. మచిలీపట్నంలో నోబుల్ 1843లో స్థాపించిన పాఠశాల, విజయనగరం మహారాజావారి విద్యాసంస్థలు, కాకినాడలో పిఠాపురం రాజావారి కళాశాల వంటివి మిషన్ల మీద, జమీందార్ల మీద, ప్రభుత్వపు గ్రాంటు మీద ఆధారపడ్డాయి. ఈ దాతల ఇళ్ళకు బడి వెళ్ళనక్కరలేదు. ఏడాదికొకసారి వారినే వేదిక మీదికి పిలిచింది. ఇక్కడి ఉపాధ్యాయునికి నెలజీతం ఉంది. కనుక బహుమతి అతని చేతిని విడిచి పిల్లవాని చేతికి చేరింది, అదీ అందరి చేతికి కాదు. పప్పుబెల్లాల చోట బంగారు అంచుల పుస్తకం, పతకం వచ్చాయి.

దసరా పద్యం అంతటితో చావలేదు. అది తెలుగు పండితుని కలంలో తలదాచుకుంది. ముఖ్య అతిథిగా వచ్చిన జమీందారుపైనో, అధికారిపైనో పంచరత్నాలు కట్టి, ఒక విద్యార్థిచేత రాగయుక్తంగా చదివించి సమర్పించడం ఈ సభలలో ఆచారమయింది. ప్రభుస్తుతి, బడి అవసరాల విన్నపం, ఆశీస్సు: అరుగు ముందటి క్రమమే ఇది. ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయులకంటే తక్కువ జీతం తీసుకునే ఆ పండితుడు, పాత పంతులు ఎన్నడూ అనుభవించని ఒక ఇరకాటంలో పడ్డాడు. పద్యం అతనిది, ఫలం భవనానికి. ఈ సన్మాన పద్యాలను పసలేని రచనలుగా మన సాహిత్య చరిత్రకారులు పక్కన పెట్టారు. పస సంగతి ఎలా ఉన్నా, ఒక వృత్తి స్థితిగతులకు అవి పత్రాలు.

విద్యార్థులు వేదికనెక్కి నాటకమాడడం కూడా ఈ కాలపుదే. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం 1880లో తన ‘వ్యవహారధర్మబోధిని’ని విద్యార్థులచేత ఆడించాడు. న్యాయవాదుల అక్రమాలను పిల్లల నోట పలికించడంలో దసరా పాటలోని ఆ పాత చనువే ఉందని నాకు తోస్తుంది. వార్షికోత్సవ నాటికల చరిత్ర వేరే వ్యాసానికి తగిన విషయం.

పైన చేసిన ప్రతిపాదనకు నిజాం రాజ్యం ఒక గట్టి పరీక్ష. అక్కడ ఉన్నత విద్యకు మాధ్యమం ఉర్దూ. తెలుగువారు సొంతంగా నడుపుకున్నవి ఖాన్గీ బడులు. సభ జరపడానికే ముందస్తు అనుమతి కోరిన ‘గస్తీ నిషాన్ 53’ కాలంలో బడి వేడుక సైతం నిశ్చింతగా జరిగేది కాదు. హైదరాబాదు నారాయణగూడలో 1928లో మాడపాటి హనుమంతరావు కృషితో వెలసిన ఆంధ్ర బాలికోన్నత పాఠశాల తెలుగులో బోధించింది. తెలుగు మాధ్యమాన్ని ఉస్మానియా విశ్వవిద్యాలయం గుర్తించనందున, ఆ బాలికలు పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలకు కూర్చున్నారు. వారి ఉత్తీర్ణతకు స్థానిక ప్రభుత్వం ముద్ర లేదు. ఆ బడిని నిలబెట్టింది చందాలిచ్చిన తెలుగు సమాజం. తెలుగులో ఆడపిల్లలు ఉన్నత విద్య చదవగలరని చూపవలసినదీ ఆ సమాజానికే. గుర్తింపు ఇవ్వవలసిన చేయి ముడుచుకున్నప్పుడు బడి మళ్ళీ ఇంటివారివైపు తిరిగింది. బళ్ళారి లెక్కలోని 60 మంది బాలికలకూ, వీరికీ మధ్య గడిచింది సుమారు వంద ఏళ్ళు.

నేటి దృశ్యం ఈ వరుసలోనిదే. ప్రభుత్వ బడిలో ఉపాధ్యాయుని జీతం ఖజానా నుంచి వస్తుంది. ఆ బడి వార్షికోత్సవం ప్రహరీ లోపల, అతిథి రాక కోసం ఎదురుచూస్తూ జరుగుతుంది. తలిదండ్రులు కట్టే ఫీజు మీద నడిచే ప్రైవేటు కళాశాల వేడుక మాత్రం ప్రహరీ దాటింది. ఫలితాలు వెలువడిన మరునాడే నాలుగు రోడ్ల కూడలిలో పిల్లల ఫొటోలు, వారి ర్యాంకులు. టీవీలో అవే అంకెల పారాయణం. బడి మళ్ళీ ఇల్లిల్లూ తిరుగుతోంది. ఈ ఊరేగింపులో పిల్లల గొంతు వినిపించదు, ఫొటోలో లేని పిల్లలకు పప్పుబెల్లాలూ లేవు. ఆ ఫొటోల పక్కన పాఠం చెప్పినవారి పేరు కూడా కనిపించదు.