ఫజర్ తర్వాత రోజ్‌నామ్చా

మా ఇంట్లో మాదరీ జబాన్ ఉర్దూ. నా రోజ్‌నామ్చా మాత్రం తెలుగులో రాస్తాను. ఫజర్ తర్వాత ఆ రోజు చేయాల్సిన మూడు పనులు, ఇషా తర్వాత ఏది అయింది, ఏది మిగిలింది, అంతే. ఉర్దూలో రాసినన్నాళ్లు బహానాలు బాగా కుదిరేవి. తెలుగులో నాకు అన్ని మాటలు రావు కాబట్టి "చేయలేదు" అని సాఫ్‌గా రాయాల్సి వస్తుంది.

"అబ్బా, తెలుగు మనది కాదు కదా?" అని మా పెద్దోడు అడిగాడు. వాడికి మన మరిపెడ పక్కనున్న చిన్నగూడూరు సంగతి చెప్పాను.

1925లో అక్కడ దాశరథి కృష్ణమాచార్య పుట్టారు. అప్పుడు నిజాం రియాసత్‌లో సర్కారీ జబాన్ ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో తాలీమ్ కూడా ఉర్దూలోనే. తెలుగు ఇళ్ల పిల్లలు తమది కాని జబాన్‌లో సబక్ చదివి, ఇంతెహాన్ రాశారు. అందులో వాళ్లు పడ్డ తక్లీఫ్‌ను మనం దాచొద్దు.

దాశరథి ఆ హుకూమత్‌ను ఎదిరించి జైలుకు పోయారు. ఉర్దూతో మాత్రం దుష్మనీ పెట్టుకోలేదు. తర్వాత గాలిబ్ షాయిరీని 'గాలిబ్ గీతాలు'గా తెలుగులోకి తెచ్చారు. ఎంత మెహనత్ చేస్తే ఆ పని అయి ఉంటుంది!

ఆయన ఉర్దూను తనది చేసుకున్నప్పుడు, పుట్టిన గడ్డ మీది తెలుగు మనకు పరాయిదెలా అవుతుంది?

పెద్దోడు ఏమీ అనలేదు. మర్నాడు ఫజర్ తర్వాత నా పక్కన కూర్చుని మూడు పనులు రాశాడు. ఒత్తులు తప్పాయి. నేను దిద్దలేదు.