గోడ కూలేలోపే కొలతలు తీసిన వీధి

2015 ఏప్రిల్ 8, బుధవారం. లండన్‌లోని కిల్‌బర్న్. బెల్లంపల్లి నుంచి వచ్చి ఇక్కడ అద్దెకుంటున్నావు. కిటికీ అద్దాలు గలగలమంటున్నాయి. కాళ్ల కింద నేల అదురుతోంది. బొగ్గుబావుల ఊళ్లో పెరిగావు. ఆ అదురు దేనిదో నీ పాదాలకు తెలుసు.

చెప్పులేసుకుని పరుగెత్తు. కార్ల్‌టన్ వేల్‌లోకి తిరగ్గానే దుమ్ము గొంతులో పడుతుంది. ఎదురుగా కార్ల్‌టన్ టావెర్న్. ఈ వీధి పబ్బు. దాని మీదికి యంత్రం చెయ్యి లేస్తోంది.

మొన్న సోమవారం, ఈస్టర్ సెలవునాడు, సామాను లెక్క చూడాలి, మూసెయ్యమని పబ్బు నడిపే ఆమెకు యజమాని కంపెనీ చెప్పింది. ఇవాళ వచ్చింది కూల్చేవాళ్లు.

జేబులో ఫోన్ మోగుతుంది. అమ్మ.

"గా చప్పుడేంది బిడ్డా?"

"పబ్బు కూలగొడుతున్నరమ్మా."

"కల్లుదుకాణం కోసం గంత పరేషానెందుకు?"

ఎందుకో చెప్పు. తాగనివాళ్లూ ఇక్కడికొస్తారు. పుట్టినరోజులు, చావు తర్వాతి పలకరింపులు, సాయంత్రం ముచ్చట్లు అన్నీ ఆ గదుల్లోనే. 1918లో జర్మన్ బాంబు పడి పాత పబ్బు పోతే, 1921కల్లా ఇది లేచింది. రెండో ప్రపంచ యుద్ధంలో వీధంతా దెబ్బతిన్నా ఇది నిలిచింది. ఇప్పుడు కంపెనీకి ఈ జాగాలో పది ఫ్లాట్లు కావాలి. వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ ఒప్పుకోలేదు. రక్షిత కట్టడాల జాబితాలో చేర్చే నిర్ణయం నేడో రేపో రావాలి. అది రాకముందే ఈ పని.

గోడ వంగుతోంది. ఇటుకలు రాలుతున్నాయి. అడ్డంగా నిలబడతావా? వద్దు. వెనక్కి జరుగు. వీడియో తియ్యి. ఇంకో దెబ్బ. దుమ్ము. కళ్లు మంట. చెయ్యి దించకు. తియ్యి.

చప్పుడు ఆగాక చూస్తే మిగిలింది శిథిలాల కుప్ప.

అంతా అయిపోయిందా? లేదు. ఈ వీధివాళ్లకు ముందే అనుమానం వచ్చింది. కట్టడాల పరిరక్షణ సంస్థను కదిలించి, టైల్స్‌కు అచ్చులు తీయించారు, గదులన్నిటి వివరాలూ రికార్డు చేయించారు. ఏది ఎక్కడుండేదో కాగితం మీద ఉంది.

పబ్బును తిరిగి కట్టించాలన్న సంతకాల కాగితం నీ దాకా వస్తుంది. కూలినదాన్ని మళ్లీ కట్టిస్తారా అని నీ చెయ్యి ఆగుతుంది. పెట్టు. ఉన్నదున్నట్టు తిరిగి కట్టాలని కౌన్సిల్ ఉత్తర్వు ఇస్తుంది. కంపెనీ అప్పీలుకు పోతుంది. 2016లో బహిరంగ విచారణ. పనికి సెలవు పెట్టి పో, కుర్చీ ఖాళీగా కనపడనివ్వకు. తీర్పు వీధి వైపే వస్తుంది. 2021 ఏప్రిల్‌లో తలుపులు తెరుచుకుంటాయి. లోపలికి నడువు.

ఈలోగా చట్టం కూడా మారింది. అంతకుముందు ఇంగ్లండ్‌లో చాలా పబ్బులను దుకాణాలుగా మార్చడానికి ప్లానింగ్ అనుమతే అక్కర్లేదు. 2017 మే నుంచి మార్చాలన్నా, కూల్చాలన్నా అనుమతి తప్పనిసరి.

సెలవులకు ఊరికొచ్చినప్పుడు చూడు. చెట్ల కింది కల్లు మండువా కావచ్చు, పాత చాయ్ హోటల్ కావచ్చు. నలుగురు కూర్చునే ఆ చోట రేపు షట్టర్లు లేవొచ్చు. మార్పు తప్పదంటారు. నువ్వు నమ్మకు. టేపు పట్టి కొలువు. ఫొటోలు తియ్యి. పెద్దమనుషులు చెప్పింది రాసుకో. నలుగురితో సంతకాలు పెట్టించి మున్సిపాలిటీలో ఇవ్వు. రసీదు తీసుకోకుండా బయటికి రాకు.